ముక్కు నాన్నది, బెంగ పిన్నిది

పసిపిల్లకి గుడ్డ మార్చడానికి మూడు చేతులు కావాలి. ఒకటి రెండు కాళ్ళూ కలిపి పైకెత్తి పట్టుకోడానికి, ఒకటి తుడవడానికి, ఒకటి పొడిగుడ్డ ఎక్కడుందో వెతకడానికి. మనిషిని తయారు చేసినప్పుడు ఈ సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు. పోనీ గుడ్డలైనా ఉండాల్సిన చోట ఉంటాయా అంటే, ఉండవు. అవి ఎప్పుడూ పక్కగదిలో ఉంటాయి. పక్కగదిలోకి వెళ్తే దండెం మీద ఉంటాయి. దండెం దగ్గరికి వెళ్తే, ఇందాకే తీసి మడతపెట్టి ఆ మొదటి గదిలోనే ఎక్కడో పెట్టారని తెలుస్తుంది. ఈలోగా అక్కడ కొత్త పని తయారవుతుంది.

కాకినాడ రామారావుపేటలో రెండు పడగ్గదుల ఫ్లాటులో ఉండే మార్తాండరావుని ఈ విషయం చాలా బాధపెట్టేది. ఆయన ఒక పరిశోధన సంస్థలో కొలత పరికరాలు తయారుచేసే మనిషి. ల్యాబులో స్క్రూడ్రైవరు జానెడు పక్కకి జరిగితే మధ్యాహ్నం అన్నం సయించదు. అలాంటివాడికి పుట్టగానే తాతగారి పేరు దక్కింది, ముప్పై తొమ్మిదేళ్ళకి ఒక కూతురు కూడా దక్కింది. పేరు శ్రీధన్విక. దాని అర్థం ఎవరికీ తెలియకపోవడం వల్ల అందరూ పండు అంటారు.

రెండో పడగ్గదిని పాప గది అనేవారు గాని అందులో పాప వాటా చాపంత. మిగతాది ట్రెడ్‌మిల్లుది, దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. ఒక మూల పెళ్ళికి వచ్చిన గోడ గడియారాలు, ఇంకెవరి పెళ్ళికైనా ఇవ్వడానికి. తలుపు పూర్తిగా తెరుచుకోకుండా ఫ్రిజ్జు అట్టపెట్టె.

"ఇది పారేద్దామండి అత్తయ్యగారూ," అన్నాడు మార్తాండరావు.

అత్తగారు మంగతాయారు. కూతురి పురిటికని పిఠాపురం నుంచి వచ్చి, పాపని అల్లుడి చేతుల్లో వదిలి వెళ్ళే ధైర్యం చాలక ఉండిపోయింది. "పారేస్తే ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్జు దేంట్లో పెడతారండి?"

"సొంత ఫ్లాటు కదండీ. ఎక్కడికి మారతాం?"

"సొంతిల్లున్నవాళ్ళు మారరని రాసుందాండి ఎక్కడైనా?"

అట్టపెట్టె ఉండిపోయింది. తడిగుడ్డలు అందులో వేయడం మొదలుపెట్టారు.

ఆ సమయంలోనే ల్యాబులో జంట పట్టీ తయారైంది. అది డాక్టర్ ఎస్తేరు రాణి ఆలోచన. ఆవిడ మార్తాండరావుకి పైఅధికారి. నెలలు నిండకుండా పుట్టి, గట్టిగా ఏడవడానికి కూడా ఓపికలేని పిల్లల కోసం ఆవిడ ఒక మెత్తటి చాప, ఒక మణికట్టు పట్టీ చేశారు. చాప మీద పిల్ల, చేతికి పట్టీతో నర్సు. పిల్ల ఒంట్లో ఏమవుతోందో నర్సు ఒంట్లో లీలగా తెలుస్తుంది. అంతే. ఆసుపత్రిలో నర్సులు బాగానే ఉందన్నారు.

"ఇళ్ళల్లో వాడితే ఎలా ఉంటుందో కూడా తెలియాలి కదండీ మేడం," అన్నాడు మార్తాండరావు, సైన్సు కోసమే అడుగుతున్నట్టు.

ఎస్తేరు మేడం ఒక జత ఇచ్చారు. "ఒక్కరే పెట్టుకోండి. పని కాగానే తీసేయండి," అన్నారు.

అలాగేనండి అన్నాడు. డాక్టరు రోజూ నడవమంటే మనవాళ్ళు ఎలా అలాగేనండి అంటారో, అలా.

మర్నాడు పొద్దున్న మార్తాండరావు ఇడ్లీ తింటూ తింటూ దిగ్గున లేచి నిలబడి లుంగీ తడుముకున్నాడు. పొడిగానే ఉంది. ఒక్క క్షణం దేవుడికి దణ్ణం పెట్టుకుని, అప్పుడు సంగతి అర్థమై పాప గదిలోకి పరిగెత్తాడు. పండు అప్పుడే మొదలుపెట్టింది. ఇంకా ఏడుపు దాకా రాలేదు.

"మీకెలా తెలిసిందండి?" అంది భార్య హైమ వెనకాలే వచ్చి.

"నాకే తడిసినట్టయింది."

మంగతాయారు అల్లుడి లుంగీ వంక కాసేపు చూసింది. పెద్దమనిషి కాబట్టి ఏమీ అనలేదు.

ఆ పట్టీతోనే గది సర్దడానికి కూడా ఒక దారి దొరికింది. ఆకలైతే తన కడుపులో తెలుస్తోంది. తడిస్తే తన నడుం దగ్గర తెలుస్తోంది. అలాంటప్పుడు వస్తువులు వెతుక్కోవడం దేనికి? ట్రెడ్‌మిల్లు అమ్మేసి, గడియారాలు అటకెక్కించి, పెద్ద పంచాయితీ తర్వాత అట్టపెట్టెని బాల్కనీలోకి పంపి, గోడకి తలుపుల్లేని అలమారా చేయించాడు. ఒక చేత్తో పిల్లనెత్తుకున్నవాడు రెండో చేత్తో తలుపు తియ్యడు, డబ్బా మూతా తియ్యడు. అందుకని తలుపుల్లేవు, మూతల్లేవు. వస్తువులన్నీ పాప ఒంటి వరసలో సర్దాడు. పై అరలో టోపీ, తలనూనె, దువ్వెన. దానికింద ఉగ్గుగిన్నె, నోరు తుడిచే మల్లుగుడ్డలు. మధ్యలో పొట్ట అర, అందులో వాము, ఇంగువ, ఆముదం. వంగకుండా చెయ్యి పెడితే అందే ఎత్తులో నడుం అర, అందులో పొడిగుడ్డలు, రబ్బరుషీటు. అట్టడుగున మేజోళ్ళు. పాప పడుకునేది నేల మీదే, పడిపోతుందన్న గొడవ లేకుండా.

"ఇదేంటండి బాబూ, పిల్లని నిలువునా గోడకి దిగ్గొట్టినట్టుంది," అంది మంగతాయారు.

రెండ్రోజుల తర్వాత ఆవిడ పాపకి పాలు పడుతూనే, వెనక్కి తిరక్కుండా చెయ్యిచాచి ఇంగువ తీసుకుంది. తీసుకున్నాక తన చేతివంక తనే అనుమానంగా చూసుకుంది. బాగుందని అల్లుడితో అనలేదు. కూతురితో మాత్రం "పర్లేదే" అంది.

ఇరవై ఒకటోరోజు బారసాల. అసలు కథ అక్కడే పాడైంది.

హైమ బాబాయి పానకాలరావు రిటైరైన తాసీల్దారు. పొద్దున్నే పార్కులో నవ్వుల క్లబ్బు నడుపుతాడు. ఎవరింట్లో కొత్త వస్తువు కొన్నా మీట నొక్కి చూడకుండా బయటికి రాడు. పాప మీద అక్షింతలు వేసి, మార్తాండరావు చేతికున్న పట్టీ చూశాడు.

"ఏదోయ్, ఇలా తే. నేనూ చూస్తాను."

"ఒక్కరే పెట్టుకోవాలన్నారండి బాబాయిగారూ."

"ఒక్కణ్ణేగా పెట్టుకునేది. పదిమందిమి కలిసి పెట్టుకుంటామా ఏంటి?"

పెట్టుకున్నాడు. కాసేపటికి మొహం మెత్తబడింది. "కడుపు నిండినట్టుందోయ్. భోంచెయ్యకుండానే."

ఆ మాటతో వరస కట్టారు. అక్షింతలు వెయ్యడం, పట్టీ పెట్టుకోవడం, అబ్బ అనడం, పక్కవాళ్ళకి ఇవ్వడం. కుడిచేతికా ఎడమచేతికా అని హైమ వాళ్ళ సత్యవతి పిన్ని అడిగింది. భోజనాలు కానివాళ్ళు ముందు పట్టీ చూసుకుని వెళ్ళారు, అయినవాళ్ళు చెయ్యి తుడుచుకుని మళ్ళీ వచ్చారు. ఎవరో పట్టీకి బొట్టు కూడా పెట్టారు. అల్లుడు తెచ్చిన వస్తువుని బంధువులందరూ మెచ్చుకోవడం అదే మొదటిసారి కాబట్టి మార్తాండరావు ఎవరినీ ఆపలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు బంగారంలా గడిచాయి. పండు బోర్లాపడింది. ఫ్యాన్ని చూసి నవ్వింది, ఫ్యాను ఆగిపోతే ఇంకా నవ్వింది. మార్తాండరావు పట్టీ తియ్యలేదు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు తప్ప స్నానానికి కూడా తియ్యలేదు. తీస్తే పాపకేమవుతోందో తెలియదుగా అని.

ఏడో నెలలో మొదట కుక్కరు సంగతి బయటపడింది. రెండో కూత వెయ్యగానే పండు పాలు తాగడం ఆపేసి వంటింటి వైపు చూసేది. మూడో కూతకి స్టౌ కట్టేస్తే మళ్ళీ తాగేది. కట్టెయ్యకపోతే తాగేది కాదు. తర్వాత నీళ్ళ మోటారు. కింద మోటారు చప్పుడు మొదలైతే ఆగేదాకా కదిలేది కాదు. ఇంటికి తాళం వేస్తుంటే హైమ చంకలోంచి వంగి చిన్న చేత్తో తాళం పట్టుకుని లాగి చూసేది. పడిందని తెలిశాక ఇంకోసారి లాగేది.

ఇంట్లోవాళ్ళు మురిసిపోయారు.

"ఎంత బాధ్యతండి ఈ వయసుకే," అంది మంగతాయారు. ఎదురింటావిడ ఎనిమిదో తరగతి కొడుకుని చెవి పట్టుకుని తీసుకొచ్చింది. "చూడరా, ఏడు నెలల పిల్ల. గీజరు కట్టేసేదాకా కన్నార్పట్లేదు. నీకు సిగ్గుందా?"

చుట్టాలు వచ్చి చూసిపోతూ, మనకి అలవాటైన పంపకాలు మొదలుపెట్టారు. ముక్కు నాన్నది, చెవులు అమ్మవి, గడ్డం మంగతాయారుది. గ్యాసు కట్టేశామా లేదా అన్న చూపు మాత్రం అచ్చం సత్యవతి పిన్నిది. రసీదులు, కాయితాలు కనిపిస్తే గుప్పిట్లో బిగించి వదలకపోవడం పానకాలరావుది. స్కూటరు హారను వినపడగానే పార్కింగు వైపు తల తిప్పడం మార్తాండరావుదే, అందులో సందేహం లేదు.

అన్నీ లెక్కపెట్టుకునే హడావిడిలో ఒకటి లేదన్న సంగతి ఎవరూ చూడలేదు. చూసింది హైమ.

ఆ రోజు ఆవిడ పండు ఎదురుగా కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అమ్మేదీ, అమ్మేదీ," అని, తువ్వాలు తీసి "ఇదిగో" అంది. ఏ పిల్లయినా నవ్వుతుంది. పండు మొహం చూసింది. తర్వాత తల తిప్పి, తువ్వాలు అడ్డం ఉన్నంతసేపట్లో గదిలోంచి ఏమైనా పోయిందేమోనని నాలుగు వైపులా చూసుకుంది. అన్నీ ఉన్నాయని తేలాక కూడా నుదుటి మీద ముడత పోలేదు.

హైమ ఇంకోసారి చేసింది. ఇంకోసారి. తర్వాత తువ్వాలు మొహం మీదే ఉంచేసుకుని తియ్యలేదు.

"ఇది నవ్వడం మానేసిందండి," అంది భర్తతో, తువ్వాల్లోంచే. "ఎప్పుడు మానేసిందో కూడా చూసుకోలేదు మనం. నా కూతుర్ని నాకు ఇచ్చెయ్యమనండి."

పిల్లల డాక్టరు బరువు తగ్గిందన్నాడు, తక్కినవన్నీ మామూలేనన్నాడు. ఆయన మామూలేనంటున్నంతసేపూ పండు ఆయన మొహంలోకే చూస్తోంది, నిజమేనా అన్నట్టు.

మార్తాండరావు చాపా పట్టీ పట్టుకుని ల్యాబుకి వెళ్ళాడు. ఎస్తేరు మేడం వాటిని యంత్రానికి తగిలించి తెర మీద గీతలు చూశారు. వెనక్కి జరిపి మళ్ళీ మొదటినుంచీ చూశారు. ల్యాబులో పైఅధికారి మాట్లాడకపోతే ఉద్యోగం గురించి భయపడటం ఆయనకి అలవాటు. ఆ రోజు భయపడలేదు. దాని మీద మనసు లేదు.

"ఇది అటునుంచి ఇటే అనుకున్నాను," అన్నారు ఆవిడ. "ఇటునుంచి అటు కూడా వెళ్తోంది. నర్సుల దగ్గర ఇది కనపళ్ళేదు. పట్టీ ఎంతసేపు పెట్టుకున్నారు?"

"తియ్యలేదండి."

"మీరొక్కరేనా?"

"బారసాలనాడు కొంచెం చూశారండి మావాళ్ళు."

"ఎంతమంది?"

"భోజనాలకి వచ్చినవాళ్ళండి."

ఎస్తేరు మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చాప మొదటి రోజుల్లో పట్టిందాన్ని గట్టిగా పట్టుకుంటుందండి మార్తాండరావుగారూ. పాలల్లో తోడు వేసినట్టు. మీవాళ్ళందరూ తలో చెంచాడు తోడు వేసి వెళ్ళారు. తర్వాత రోజూ మీరు పాలు పోశారు."

"మరి నర్సులకి బెంగలుండవా అండి?"

"ఎందుకుండవు? కాని పట్టీ ఉన్నంతసేపూ వాళ్ళ ధ్యాస ఎదురుగా ఉన్న పిల్ల మీదే. డ్యూటీ కాగానే తీసేసి వెళ్ళిపోతారు. మీరు పాప దగ్గర కూర్చుని దేని గురించి ఆలోచిస్తారు?"

మార్తాండరావు లోపల లెక్కపెట్టుకున్నాడు. ట్యాంకరు వస్తుందా రాదా. పై ఫ్లాటువాళ్ళ బాత్రూం గోడ కారడం ఆగుతుందా. ప్రమోషను. అత్తగారు వెళ్తే పిల్లని ఎవరు చూస్తారు. వెళ్ళకపోతే ఎలా. పాప పక్కన ఉన్నంతసేపూ ఆయన ఊరంతా తిరిగాడు, పాప దగ్గర తప్ప.

"మానేస్తే పోతుందాండి?"

"మానేసి చూడండి."

మానేసి చూశారు. ఇంకా పాడైంది. పండు పాలపీక నోట్లో పెట్టుకోలేదు. వచ్చేవాళ్ళ మొహం, పోయేవాళ్ళ మొహం అలా చూస్తూ కూర్చుంది. బెంగ అలాగే ఉంది, పంచుకునేవాళ్ళు లేకుండా పోయారు. మర్నాడు సాయంత్రానికి మంగతాయారే పట్టీ తెచ్చి అల్లుడి చేతికి కట్టింది.

ఎస్తేరు మేడం ఒకటే మార్గం చెప్పారు. ఏ బెంగా లేని మనిషి రోజూ కాసేపు పట్టీ పెట్టుకుని పాప దగ్గర కూర్చోవాలి. ఆ నెమ్మది మెల్లగా పాపకి పడుతుంది.

"ఏ బెంగా లేని మనిషంటే ఎలాంటి మనిషండి?" అన్నాడు మార్తాండరావు.

"ఏ బెంగా లేని మనిషండి."

"మీకెవరైనా తెలుసా?"

ఎస్తేరు మేడం ఆలోచించారు. "చర్చిలో అడిగి చూస్తాను," అన్నారు. అడిగారు కూడా. అక్కడివాళ్ళు తమకోసం కూడా ఒకరు కావాలన్నారట.

ఇక బంధువుల్లో వెతుకులాట మొదలైంది. మామూలుగా మనం చుట్టాల్లో డాక్టరున్నాడా, రిజిస్ట్రారాఫీసులో ఎవరైనా ఉన్నారా అని వెతుక్కుంటాం. నిశ్చింతగా ఉన్నవాడెవడని ఎప్పుడూ వెతకలేదు కాబట్టి ఎవరికీ గుర్తురాలేదు. మొదట పానకాలరావు వచ్చాడు. రోజూ పొద్దున్నే గంటసేపు నవ్వే మనిషి. పట్టీ పెట్టుకుని, పొట్ట మీద చేతులు వేసుకుని పార్కులో నవ్వినట్టే నవ్వాడు. పండు చాలా రోజుల తర్వాత గట్టిగా ఏడ్చింది. ఆరా తీస్తే, క్లబ్బుకి జనం తగ్గిపోతున్నారని, ఒక్కడే నవ్వుతుంటే దారినపోయేవాళ్ళు ఏమనుకుంటారోనని ఆయనకి చాలాకాలంగా దిగులు.

"మన తారకేశుణ్ణి కూర్చోబెట్టండి," అంది మంగతాయారు. తారకేశు ఆవిడ కొడుకు. ముప్పై దాటినా ఉద్యోగం లేదు, పెళ్ళి లేదు. "వాడికి చీమకుట్టినట్టైనా ఉండదు. ఊరు తగలబడుతుంటే చలి కాచుకుంటాడు."

తారకేశు వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి పండు రెండు చేతులూ గుప్పిళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టింది. హైమ పరిగెత్తుకొచ్చి తమ్ముడి చేతికున్న పట్టీ ఊడబీకింది.

"ఏం ఆలోచించావురా?"

"ఏం లేదక్కా. రోజూ ఆలోచించేదే," అన్నాడు తారకేశు. లేచి చెప్పులేసుకున్నాడు.

మంగతాయారు వాణ్ణి భోంచెయ్యకుండా వెళ్ళనివ్వలేదు. ఎదురుగా కూర్చుని అడక్కుండానే మారు వడ్డించింది. వాణ్ణి ఒక్క మాటా అనలేదు. ఆ ఇంట్లో అదొక వింత.

హైమ కూర్చుంది. ఉద్యోగానికి పెట్టిన సెలవు అయిపోవస్తోందన్న మాట తలుచుకోకూడదని గట్టిగా అనుకుంది, దాంతో అదే తలుచుకుంది. మార్తాండరావు కూడా కూర్చుని, వాళ్ళు చెప్పినట్టు, వీళ్ళు చెప్పినట్టు ఊపిరి పీల్చాడు, వదిలాడు. తల్లో ఏ ఆలోచన తిరిగినా ఎదురుగా పండు నుదుటి మీద ముడతై కనపడేది. చేసిన తప్పులు అద్దంలో చూసుకోవచ్చు. కూతురి మొహంలో చూసుకోవడం చాలా కష్టం.

ఒక ఆదివారం మధ్యాహ్నం. హైమ పడుకుంది. దండెం మీంచి తెచ్చిన గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి. అవన్నీ మంగతాయారు పాత చీరల ముక్కలు, వందసార్లు ఉతికి వెన్నలా మెత్తబడినవి. ఆవిడ కంటికొలతతో కత్తిరించింది కాబట్టి ఏ ముక్కా నలుచదరంగా లేదు. మార్తాండరావు పట్టీతో పాప పక్కన కూర్చుని మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఒక మూల రెండో మూలకి అందడం లేదు. విదిలించి, లాగి, మళ్ళీ వేశాడు. ఇటు అంచు కలిస్తే అటు అంచు పోతోంది. కొలతల మనిషికి అది పంతమైపోయింది. అడ్డంగా తిప్పితే కలిసింది. అరచేత్తో సాపుచేసి పక్కన పెట్టాడు. ఇంకోటి తీసుకుని విదిలించాడు. దీని వంకర వేరు. దీన్ని ఐమూలగా వెయ్యాలి. ఇంకోటి. ఇంకోటి.

ఏదో చప్పుడైంది. ఫ్యాను అనుకున్నాడు. గుడ్డ విదిలించాడు. మళ్ళీ అయింది.

పండు నవ్వుతోంది. బోసినోరంతా తెరిచి, గుడ్డ గాల్లో ఎగిరినప్పుడల్లా కాళ్ళు నేలకేసి కొడుతూ నవ్వుతోంది. నుదురు నున్నగా ఉంది. పొట్ట అంతా కదులుతోంది. పట్టీలోంచి ఆ నవ్వు ఆయన పొట్టలోకి కూడా వచ్చింది, కితకితల్లా.

హైమ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తలుపు పట్టుకుని, ఊపిరి తియ్యకుండా. వెనకాల మంగతాయారు గరిటెతో.

మార్తాండరావు కూతుర్ని చూశాడు. కళ్ళనిండా చూశాడు. మళ్ళీ నవ్వుతుందా, అనుకున్నాడు.

అంతే. కనుబొమల మధ్య సన్నగా ముడత లేచింది. నోరు మూసుకుంది. పండు తండ్రి వైపు చూసింది, ఏమైంది అన్నట్టు.

"ఏం ఆలోచించారండి?" అంది హైమ.

"ఏం లేదే."

"ఏదో ఆలోచించారు."

"మళ్ళీ నవ్వుతుందో లేదోనని."

హైమ తిట్టలేదు. తను కూడా అదే అనుకుంటూ వచ్చి నిలబడింది మరి. మడతపెట్టిన గుడ్డలన్నీ ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ కుప్పపోసి ఆయన ముందు పెట్టింది. "మళ్ళీ మడతపెట్టండి," అంది.

మార్తాండరావు మడతపెట్టాడు. విదిలించాడు. ఐమూలగా వేశాడు. కాని ఇప్పుడు చేతులు గుడ్డ మీద ఉన్నాయి, మనసు నవ్వు మీద ఉంది. పండు ఆయన చేతుల వంకే చూస్తోంది, పరీక్ష హాల్లో కాయితాలు పంచే మాస్టారిలా, గంభీరంగా.

అయ్యా, అమ్మా, సంగతి ఇక్కడిదాకా వచ్చి ఆగింది. ఇప్పటికి ఆ గుడ్డలు ఎన్నిసార్లు మడతపెట్టారో, ఎన్నిసార్లు విప్పారో చెప్పడం కష్టం. ఇక ఏం చెయ్యాలో మార్తాండరావుకి తెలియడం లేదు, చెబుతున్న నాకూ తెలియడం లేదు. ఎస్తేరు మేడం కొత్త చాప చేస్తానంటున్నారు గాని పిల్లకి పట్టింది పాత చాపదే. అందుకని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. ప్రాణాయామం చెప్పకండి, అయింది. తాయెత్తు కట్టించారు. దిష్టి రోజూ తీస్తున్నారు. అంతా సర్దుకుంటుందని మాత్రం దయచేసి అనకండి, ఆ మాట వింటే పండు పాలు వదిలేస్తోంది. మీలో ఎవరైనా, పిల్ల నవ్వుతుంటే ఇది ఎంతసేపుంటుందోనన్న భయం లేకుండా ఒక్కసారైనా చూసినవాళ్ళుంటే, ఎలా చూశారో చెప్పండి. ఆ సమయానికి ఏం పట్టుకున్నారు, ఎటు తిరిగి కూర్చున్నారు, ఏం అనుకోకుండా ఉండగలిగారు. చెప్పడం రాకపోతే వచ్చి కూర్చోండి, పట్టీ ఇస్తారు. తొందరేమీ లేదు అనుకుంటే పాపకి మంచిదట. కాని కాస్త తొందరగా చెప్పండి.